తలుపు వెనక గోడ

ఆ వీధి మొత్తానికి ఖరీదైన పేరు గోడలకు రంగులు వేసే అతనిది. అసలు పేరు పెళ్లి శుభలేఖ మీద ఒకసారి అచ్చయింది, ఆ తర్వాత దానితో ఎవరికీ పని పడలేదు. అందరూ రెండుకోట్లు అనే పిలుస్తారు. బేరం కుదుర్చుకునేటప్పుడు ఇంటివాళ్లు "ఒక్క కోటుతో సరిపెట్టరాదా?" అని నసుగుతారు కదా. "రెండు కోట్లు పడాల్సిందేనండీ, లేకపోతే నేను రాను" అనేవాడు. ఇరవై రెండేళ్లుగా అదే మాట. అద్దె ఇంట్లో ఉంటూ, రంగు చుక్కలు పడ్డ చెప్పులతో తిరిగే మనిషికి ఆ పేరు పెట్టినవాడెవడో గాని వాడి నోట్లో పంచదార పొయ్యాలి.

అతనికి ఇంకో పట్టింపు కూడా ఉంది. ఏ గదిలోనైనా పని తలుపు వెనక గోడతోనే మొదలుపెడతాడు. మిగతా రంగులవాళ్లు ఆ గోడ దగ్గరికి చివర్న వస్తారు, అప్పటికి చెయ్యీ అలిసిపోతుంది, డబ్బాలో రంగూ పలచబడుతుంది. తలుపు తీస్తే అదెలాగూ కనపడదు కాబట్టి ఎవరూ అడగరు. కానీ ఇతనికి పని నేర్పిన మేస్త్రి వేరే రకం. "అందరూ చూసే గోడ మీద ఎవడైనా బాగానే వేస్తాడురా. దాక్కునే గోడ మీద ఎలా వేశావో అదీ నీ పని. పైన పటారం, లోన లొటారం పని చేద్దామనుకుంటే నా దగ్గరికి రాకు" అనేవాడట. మేస్త్రి పోయి చాలా ఏళ్లయింది. అయినా ఇతను తెల్లవారగానే తాజా చేత్తో ముందు తలుపు వెనకే దూరతాడు. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికే అతని భార్య దీని మీద ఒక మాట అంటూ ఉంటుంది. "మా ఆయన అందం కూడా అంతేనమ్మా, ఎవరికీ కనపడని చోట ఉంటుంది." నిజానికి ఆ మాట అనేటప్పుడు ఆవిడ మొహంలో కాస్త గర్వం ఉంటుంది, దాచినా దాగదు.

వాళ్లకొక కూతురు, ఆరేళ్లది. ఇంట్లో నోరు మూయదు కాబట్టి పిచ్చుక అని పిలుస్తారు. ఈ పిచ్చుకకు బడిలో మాత్రం నోరు పెగిలేది కాదు. కారణం ఏమిటంటే, అది అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు తిరగేసి రాసేది. మొదట చేర్పించిన బడిలో పలక మీద కొట్టేసి కొట్టేసి, చివరికి "ఈ పిల్లని ఇంకో ఏడాది ఇంట్లో ఉంచుకోండి" అన్నారు. పెరుగు తోడుకోలేదన్నంత తేలిగ్గా అన్నారు. అప్పుడు ఏడాది మధ్యలో ఈ బడికి మార్చారు, వచ్చే ఏడు కూడా ఒకటో తరగతే చదవాలన్న షరతు మీద. ఇక్కడ ఒకటో తరగతికి ఇద్దరు టీచర్లున్నారు, వాళ్లలో పెద్దావిడ పొట్టి టీచర్. వీధుల్లో నిచ్చెన మీద పని చేస్తుండే రెండుకోట్లుకి, కింద నడిచి వెళ్లే ఆవిడ ఎప్పుడూ నడినెత్తి పాపిడిగానే కనిపించేది. పిచ్చుక రాసిన కాగితం చూసి ఆవిడ తన సంచీలోంచి చిన్న అద్దం తీసింది. అందులో చూసి చదివి, "చూశావా, ఇది చదవడానికి నాకు అద్దం కావాల్సొచ్చింది. నువ్వు అద్దం లేకుండానే రాసేశావు. ఇప్పుడు మామూలుగా రాయడం కూడా నేర్చుకుంటే నీకు రెండు విద్యలొచ్చినట్టు" అంది. నాలుగు నెలలు తిరిగేసరికి పిచ్చుక తన పేరు, అమ్మ పేరు, నాన్న పేరు తిన్నగా రాసింది. నాన్న పేరు రెండుకోట్లు అనే రాసింది. ఆ కాగితాన్ని అతను బీరువా తలుపుకు లోపలివైపు అంటించుకున్నాడు.

అలాంటి సమయంలో బడికి పైనుంచి ఒక ఉత్తరం వచ్చింది. నిధులు తగ్గించామనీ, వచ్చే ఏడాది నుంచి ఒకటో తరగతికి ఒక్క టీచరుకే జీతమనీ, పెద్దావిడకు విరమణ దగ్గరపడింది కాబట్టి ఆవిణ్ణే ముందు పంపుతామనీ దాని సారాంశం. రెండు గదుల పిల్లల్ని ఒక్క గదిలో కూర్చోబెడతారు, అంటే అరవై నాలుగు మంది. తల్లిదండ్రులే ఒక ఏడాది జీతం పోగుచేసి కడితే మాత్రం ఆ ఏడాదికి పొట్టి టీచర్ని ఉండనిస్తామని చివర ఒక వాక్యం రాశారు. రాసినవాడికి పిల్లలున్నారో లేదో తెలియదు.

అరవై నాలుగు మందిలో తన పిచ్చుక ఎక్కడ కూర్చుంటుందో రెండుకోట్లుకి చెప్పనక్కరలేకుండానే తెలిసింది. వెనక బల్లమీద, గోడవైపు, నోరు మూసుకుని. ఆ రోజు అన్నం సగంలో లేచిపోయాడు.

తల్లిదండ్రులు సంఘం కట్టారు. దానికి పెద్ద దిక్కు మందులషాపు ఆవిడ. ఆవిడ తలనొప్పి మాత్ర ఇచ్చినా గద్దించే ఇస్తుంది, అయినా ఊరంతా ఆవిడ దగ్గరికే వెళ్తుంది. "అడగందే అమ్మైనా పెట్టదు, సిగ్గుపడితే టీచర్ పోతుంది" అని అందర్నీ తరిమింది. బస్సు కండక్టరు ఒకాయన ఆవిడకు కుడిభుజం. ఆయన ఆడవాళ్లను తప్ప అందర్నీ బావా అని పిలుస్తాడు. సెలవురోజుల్లో కార్లు కడిగారు, ఇంటింటికీ తిరిగి పాత పుస్తకాలు తెచ్చి అమ్మారు. పాత బట్టల అమ్మకం పెట్టిన రోజున రెండుకోట్లు వెళ్లి చూస్తే, తన దగ్గరున్న ఒకే ఒక మంచి చొక్కా బల్లమీద మడిచి ఉంది. భార్య ఇచ్చేసింది. బడి కోసం కదా అని ఆవిణ్ణి ఏమీ అనలేక, తన చొక్కా తనే కొనుక్కుని ఇంటికి తెచ్చుకున్నాడు. "బేరమైనా ఆడావా?" అని అడిగింది భార్య. ఆడలేదు.

ఇంత చేసినా పోగైంది మూడో వంతుకి మించలేదు. అప్పుడు మందులషాపు ఆవిడకు ఒక సంగతి గుర్తొచ్చింది. పొట్టి టీచర్ ఇరవై ఆరేళ్లుగా ప్రతి ఏడూ బడి తెరిచిన రోజున ఒకటో తరగతి పిల్లల్ని వరసగా గోడకి ఆనించి నిలబెట్టి, తలమీద స్కేలు పెట్టి పెన్సిల్‌తో గీత గీస్తుంది, పక్కన పేరు రాస్తుంది. ఏడాది ఆఖర్న మళ్లీ గీస్తుంది. ఆవిడ దగ్గర చదువుకున్న వాళ్లందరి ఎత్తులూ ఆ గోడ మీదే ఉన్నాయి. వాళ్లందర్నీ పిలిచి, మీరెంత ఉండేవాళ్లో వచ్చి చూసుకోండి, చూసి బడికి తోచింది ఇవ్వండి అంటే ఎవరు రాకుండా ఉంటారు? ఫోన్లలో కబురు ఊరూరా పాకింది. రాబోయే ఆదివారం కాక ఆ పై ఆదివారం అని రోజు కూడా పెట్టేశారు.

ఈ మాట అనుకున్న సమావేశానికి రెండుకోట్లు వెళ్లలేదు, ఊరి చివర ఒక మేడకు పని ఒప్పుకుని ఉన్నాడు. భార్య వెళ్లింది గాని, పిచ్చుక నిద్రకు తూగుతుంటే సగంలోనే వచ్చేసింది. వచ్చి, "పాత పిల్లలంతా ఆ గది చూడ్డానికి వస్తారట. గోడలు మాసి ఉన్నాయి, నువ్వు కాస్త రంగు వేసిపెడితే బాగుంటుంది" అంది. తన వంతు ఏమిచ్చుకోవాలా అని మథనపడుతున్న మనిషికి ఆ మాటతో ప్రాణం లేచొచ్చినట్టయింది. రంగుల దుకాణంవాడి చుట్టూ రెండు రోజులు తిరిగి, మిగిలిపోయిన డబ్బాలు ఊరికే తెచ్చాడు. వాటన్నిటినీ కలిపితే వచ్చిన రంగుకి పేరు లేదు గాని, చూడ్డానికి మీగడలా బాగుంది.

శనివారం బడికి సెలవు. ఉదయం ఆరింటికే కాపలాదారు చేత గది తీయించి లోపలికి వెళ్లాడు. చిన్న చిన్న కుర్చీలు మధ్యకు జరిపి గుడ్డ కప్పాడు. తలుపు కాస్త మూసి వెనకాల చూస్తే, నేల నుంచి ఛాతీ దాకా గోడంతా నల్లగా మాసి ఉంది. పెన్సిల్ గీతలు, ఒకదాని మీద ఒకటి, దుమ్ము పట్టి, పిల్లల వీపుల జిడ్డు పట్టి. పక్కనున్న పేర్లు దగ్గరగా వంగి చూస్తే గాని తెలియవు. పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఇలాంటి గోడ ఒకటి అతనికి ఎదురవుతూనే ఉంటుంది. "పిల్ల రాక్షసుల్లారా" అని ముద్దుగా తిట్టుకుని గరుకు కాగితం తీశాడు. గంటసేపు అరగదీశాడు. పగుళ్లలో లప్పం పూసి ఇనుప పట్టీతో చదును చేశాడు, ఆరాక మళ్లీ రుద్దాడు. చెంప ఆనిస్తే జారేంత నునుపు తేలింది. పాత పిల్లలు వచ్చే గది అని, అంత ఇదిగా ఏ గోడకూ చెయ్యలేదు.

పదింటికి మందులషాపు ఆవిడ ఫ్లాస్కులో టీ తీసుకుని వచ్చింది. రంగులవాళ్లు తలుపు వెనకకు సాయంత్రానికి గాని రారు కదా, ఈలోగా చెప్పొచ్చులే అని ధీమాగా వచ్చింది.

"తమ్ముడూ, అన్ని గోడలూ నీ ఇష్టం. ఆ తలుపు వెనకది మాత్రం ముట్టుకోకు."

"అదెప్పుడో అయిపోయింది కదక్కా. ముందు అదే చేశాను."

ఆవిడ తలుపు మూసి చూసింది. కప్పిన గుడ్డ కింద నుంచి ఒక పిల్లల కుర్చీ లాగి, అందులో ఇమిడీ ఇమడకుండా కూర్చుంది. టీ ఫ్లాస్కు నేలమీద పెట్టింది. ఆవిడ గద్దించకుండా ఉండటం అతను ఎప్పుడూ చూడలేదు, అందుకే భయమేసింది. ఆ తర్వాత ఆవిడ గోడ సంగతి మొత్తం చెప్పింది. వింటుంటే అతని చేతిలో పట్టీ జారి కాలివేలి మీద పడింది, ఆ నొప్పి కూడా తెలియలేదు.

కబురందుకుని పొట్టి టీచర్ వచ్చింది. గోడ దగ్గరికి వెళ్లి అరచేత్తో మెల్లగా తడిమింది. "ఎంత నున్నగా చేశావు నాయనా" అంది. అంతే అంది. నాలుగు తిట్లు తిట్టి ఉంటే అతని మనసు కుదుటపడేది. తిట్టకపోయేసరికి ఇంటికి వెళ్లి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. పిచ్చుక వచ్చి వీపు మీద వేలితో తన పేరు రాస్తూ, తిన్నగా రాశానా నాన్నా అని అడిగితే దుప్పటి మొహమ్మీదికి లాక్కున్నాడు. గది మిగతా పని ఆదివారం ఎలా పూర్తి చేశాడో అతనికే గుర్తులేదు.

సోమవారం మందులషాపు వెనక గదిలో ముగ్గురూ కూర్చున్నారు. కండక్టరు గొంతు తగ్గించి తన ఉపాయం చెప్పాడు.

"బావా, పాత గోడలో ముక్క పగిలితే కొత్త లప్పానికి పాత రంగు తెప్పిస్తావు కదా, టీ నీళ్లు పూసి. అలాగే ఇది కూడా చేసెయ్. పాత హాజరు పట్టీల్లో పేర్లున్నాయి. గీతలు గీసి పేర్లు రాసేస్తే ఎవడికి తెలుస్తుంది? ఆరేళ్లప్పుడు నేనెంత ఉన్నానో నాకు గుర్తుందా?"

మందులషాపు ఆవిడ అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. "నాలుగొందల మందికి కబురెళ్లింది. ఇది పోతే ఇంకో దారి లేదు తమ్ముడూ" అంది.

మంగళవారం పిల్లలు ఆటలకు వెళ్లిన వేళ రెండుకోట్లు టీ నీళ్లు, పెన్సిలు, పాత హాజరు పట్టీ పట్టుకుని గదిలోకి వెళ్లాడు. తప్పని తెలియక కాదు. తప్పు చేస్తే పిచ్చుకకు టీచర్ దక్కుతుందంటే ఏ తండ్రైనా ఒకసారి ఆ గది దాకా వెళ్తాడు. గోడకు టీ నీళ్లు పూశాడు, అచ్చం పాతదానిలాగే వచ్చింది. ఒక పేరు రాశాడు, గీత గీశాడు. ఇంకో పేరు, ఇంకో గీత. ఏడు గీసేసరికి వెనక నుంచి పొట్టి టీచర్ గొంతు వినిపించింది.

"ఈ ఏడుగురూ కవల పిల్లలా నాయనా?"

వెనక్కి జరిగి చూసుకున్నాడు. ఏడు గీతలూ ఒకే ఎత్తులో ఉన్నాయి. అతనికి తెలిసిన ఆరేళ్ల పిల్ల ఒక్కతే. ప్రతిసారీ చెయ్యి దాని తల దగ్గరే ఆగింది.

"నాకోసమే చేస్తున్నావని తెలుసు" అంది ఆవిడ. "ఇది నా ఉద్యోగం. వద్దంటే నేనేదో త్యాగం చేస్తున్నానంటారు, సరేనంటే దొంగతనమంటారు. నన్ను అడక్కు. నాకు మాత్రం ఉండాలనే ఉంది. ఇంటి దగ్గర ఏం చెయ్యాలో కూడా నాకు తెలీదు." ఆ మాట అని పిల్లల చెప్పులు వరసగా సర్దుతూ కూర్చుంది.

మేస్త్రి ఉంటే ఏమనేవాడో ఊహించనక్కరలేదు, చెవి పట్టుకుని బయటికి ఈడ్చేవాడు. కాని అతన్ని ఆపింది మేస్త్రి కూడా కాదు. ఆ ఏడు పేర్లవాళ్లూ వచ్చి, పిచ్చుక తల దగ్గరున్న గీతను చూసి, ఇది నేనే అని మురిసిపోయి, జేబులో చెయ్యి పెడతారు. అతన్ని ఆపింది ఆ మురిపెమే. గరుకు కాగితం తీసి ఏడింటినీ చెరిపేశాడు. దాని మీద మళ్లీ రెండు కోట్లు వేశాడు.

విషయం చెబితే మందులషాపు ఆవిడకు మామూలు గొంతు తిరిగొచ్చింది. "అయితే గుమ్మం దగ్గర నువ్వే నిలబడి వచ్చినవాళ్లందరికీ చెప్పుకో. నా వల్ల కాదు" అని గద్దించింది. అతను సరేనన్నాడు.

ఆదివారం పొద్దున్నే భార్య ఆ కొనుక్కున్న చొక్కాను ఇస్త్రీ చేసి తొడిగింది. గుండీలు పెడుతూ, "తల దించుకుని చెప్పకు. చేసింది నువ్వు, చెప్పేది కూడా నువ్వే. ఇందులో దాచిందేముంది?" అంది. ఆవిడ కూడా వచ్చి అతని పక్కనే నిలబడింది. గుమ్మం లోపల బల్లమీద చందాల పెట్టె పెట్టి మందులషాపు ఆవిడ కూర్చుంది.

మొదట వచ్చినవాడు భారీ మనిషి, సొంత లారీ నడుపుకుంటాడట. మొహమంతా నవ్వుతో వచ్చాడు. రెండుకోట్లు నమస్కారం పెట్టి చెప్పాడు. "ఆ గోడ మీద మీ గీత లేదండీ. ఎవరివీ లేవు. తెలియక నేనే చెరిపేశాను. రంగులవాణ్ణి నేనే."

లారీ ఆయన నవ్వు అలాగే ఆగిపోయింది. "రెండు గంటలు నడుపుకుంటూ వచ్చింది మీరు వేసిన రంగు చూడ్డానికా?" అని గిరుక్కున తిరిగి వెళ్లి లారీలో కూర్చున్నాడు. ఆ తర్వాత వచ్చిన ఇద్దరు ఆడపిల్లలు అయ్యో అని నొచ్చుకుని, లోపల ఒక చుట్టు చుట్టి వెళ్లిపోయారు. ఒకాయన, మీకు ముందే తెలుసు కదా, మళ్లీ కబురు చెయ్యొద్దా అని నిలదీశాడు. అది న్యాయమైన ప్రశ్నే. చేసిన పాపం చెబితే పోతుందంటారు గాని, ఆ పూట అది ఎంత చెప్పినా పోలేదు. పదకొండు దాటాక పెట్టె కదిపి చూసిన మందులషాపు ఆవిడ మళ్లీ కదపలేదు.

అప్పుడొక ఆవిడ వచ్చింది. ముప్పై పైబడ్డ మనిషి, నర్సు ఉద్యోగం. ఒక్కతే వచ్చింది. రెండుకోట్లు తన పాఠం మొదలుపెట్టేలోగా ఆవిడే అంది.

"నేనీ బడిలో చదవలేదండీ. మా తమ్ముడు చదివాడు. వాడి గీత చూద్దామని వచ్చాను. వాడు పదేళ్లప్పుడే జ్వరమొచ్చి పోయాడు. మా ఇంట్లో ఎప్పుడూ ఎవరూ వాడి ఎత్తు కొలవలేదు."

పొద్దుటి నుంచి పదిహేను సార్లు చెప్పిన మాటే, ఈసారి మధ్యలో తెగింది. భార్య అతని మోచెయ్యి పట్టుకుంది. మిగతాది ఎలాగో చెప్పాడు. ఆవిడ కోప్పడలేదు. లోపలికి వెళ్లి తలుపు మూసి, మీగడ రంగు గోడ ఎదురుగా నిలబడింది. కాసేపటికి, "ఏ పక్కన ఉండేదో అదైనా తెలుసా?" అని అడిగింది. అతను లేదన్నట్టు తల ఊపాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు.

పొట్టి టీచర్ వచ్చింది. తమ్ముడి పేరు అడిగింది. పేరు వినగానే మారు మాట్లాడకుండా వెళ్లి గోడకు వీపు ఆనించి నిలబడి, కుడి మోచెయ్యి మడిచి పక్కకి పెట్టింది.

"ఇదిగో, ఇక్కడిదాకా. నేను బోర్డు మీద రాస్తుంటే వచ్చి నా మోచేతి కింద తల దూర్చి నిలబడేవాడు, కిటికీలోంచి చూసినట్టు చూసేవాడు. పో, వెళ్లి కూర్చో అంటే ఇంకొంచెం సేపు టీచర్ అనేవాడు. ఏడాది చివరికి కాస్త ఎదిగాడు, నా చెయ్యి పైకి లేచేది. అప్పుడు ఇక్కడిదాకా." చెయ్యి నాలుగు వేళ్లు పైకి జరిపింది. "నీ మొహంలో వాడి నుదురుంది తల్లీ."

నర్సు పెన్సిలు అడిగింది. రెండుకోట్లు జేబులోంచి తీసి ఇచ్చాడు. ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని, టీచర్ మోచేతి కింద ఒక గీత గీసింది, నాలుగు వేళ్ల పైన ఇంకోటి గీసింది. పేరు రాసింది. రాసి, ఆ రెండు గీతల మధ్యా అరచెయ్యి ఆనించి అలాగే కూర్చుండిపోయింది.

మంచినీళ్ల కోసం లారీ దిగి వచ్చిన భారీ మనిషి గుమ్మంలోనే ఆగిపోయి ఇదంతా చూశాడు. నర్సు లేచి కళ్లు తుడుచుకున్నాక, గొంతు సవరించుకుని అడిగాడు. "టీచర్, మరి నేను?"

ఆవిడ కళ్లు చికిలించి చూసింది. "నువ్వు సుద్దముక్కలు తినేవాడివి."

"అవునండీ" అన్నాడు చిన్నపిల్లాడిలా.

"తిన్నదంతా ఎటు పోయిందో అనుకున్నాను, ఇప్పుడు తెలిసింది. రా, నా భుజం దాకా ఉండేవాడివి. తరగతిలో అందరికంటే పొడుగు."

ఆ మనిషి ముగ్గురికి సరిపోయేంత వంగి, ఆవిడ భుజం దగ్గర తన గీత తానే గీసుకున్నాడు. తర్వాత బయటికి వెళ్లి, తనతో చదువుకున్న వాళ్లందరికీ వరసపెట్టి ఫోన్లు చేశాడు. "గోడ లేదురా, కాని టీచర్ ఉంది, రండి" అని అరుస్తూ చెబుతుంటే వీధి మొత్తానికి వినిపించింది. నొచ్చుకుని వెళ్లిపోయిన ఆ ఇద్దరు ఆడపిల్లలు బస్టాపు దగ్గర నుంచి వెనక్కి వచ్చారు. మధ్యాహ్నానికి వరస గేటు దాటింది.

పొట్టి టీచర్ సాయంత్రం దాకా గోడకు ఆనుకునే నిలబడింది. ఒకరికి మోచెయ్యి, ఒకరికి చంక, ఒకరికి భుజం. కూర్చోమని కుర్చీ తెస్తే, కూర్చుంటే కొలత తప్పుతుందని పంపేసింది. అందరూ ఆవిడకు గుర్తున్నారని కాదు. "నువ్వు నాకు గుర్తులేవు నాయనా, అల్లరి చేసి ఉండవు" అని మొహమ్మీదే చెప్పింది కొందరికి. అలా చెప్పించుకున్నవాళ్లు గీత గీసుకోలేదు. పక్కన నిలబడి మిగతావాళ్లవి చూస్తూ, పెట్టెలో మాత్రం అందరితో సమానంగానే వేసి వెళ్లారు. కండక్టరు వరసలో నిలబడ్డవాళ్లను అలవాటు కొద్దీ ముందుకు జరగండి, ముందుకు జరగండి అని తోస్తున్నాడు. రెండుకోట్లు పెన్సిళ్లు చెక్కి ఇస్తూ ఉన్నాడు. తను అంత శ్రద్ధగా నునుపు చేసిన గోడ మళ్లీ మాసిపోతుంటే చూసి జీవితంలో మొదటిసారి సంతోషపడ్డాడు.

నర్సు మాత్రం వెళ్లలేదు. పొద్దువాలే దాకా వరండా మెట్ల మీద కూర్చుని ఉంది. జనం పలచబడ్డాక రెండుకోట్లు వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు. క్షమించమని అడగాలని వచ్చాడు. అంతలో ఆవిడే మాట్లాడింది.

"అన్నా, తమ్ముడి గురించి మా అమ్మ ఇన్నేళ్లుగా ఒక్క మాట మాట్లాడదు. మేమెవరం ఎత్తినా లేచి వెళ్లిపోతుంది. వాడు మోచేతి కింద నిలబడేవాడని ఆవిడకు తెలీదు. నేను చెబితే వినదు, టీచర్ నోటితో వినాలి. దారికి తెచ్చి ఇక్కడిదాకా తీసుకురావాలంటే నాకు కొన్ని నెలలు పడుతుంది." తలెత్తి అతన్ని చూసింది. "అప్పటికి టీచర్ ఉంటారా?"

తనకు తెలియని మాట చెప్పే ధైర్యం అతనికి ఇంక లేదు. గదివైపు చూశాడు. మందులషాపు ఆవిడ, కండక్టరు పెట్టెను బల్లమీద బోర్లించి ఎంతసేపటి నుంచో తలలు వంచి కూర్చున్నారు. అతను గుమ్మం దాకా వెళ్లి నిలబడ్డాడు. ఆవిడ కళ్లజోడు నెత్తిమీదికి తోసుకుని తలెత్తింది. ముక్కు ఎర్రగా ఉంది.

"సరిపోయింది తమ్ముడూ. ఏడాదికి సరిపోయింది" అంది. మొదటిసారి గద్దించకుండా ఒక మంచిమాట చెప్పింది.

రెండుకోట్లు మెట్ల దగ్గరికి తిరిగొచ్చాడు. వస్తూ ఉండగానే చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నాడు.

"ఉంటారమ్మా. వచ్చే ఏడాదంతా కూడా ఉంటారు. మీ అమ్మగారిని తొందరపెట్టకండి, నెమ్మదిగానే తీసుకురండి" అన్నాడు. "ఆ పై ఏడాది సంగతి మేం చూసుకుంటాం."